నియానా, వైట్ క్లౌడా? చారలున్న చిన్న చేపను రూపం చూసి గుర్తుపట్టడం

నియాన్ (ఒంటి మీద నీలి గీత, ఎరుపు ఉండే చిన్న టెట్రా జాతి చేప) అని చెప్పి ఇచ్చిన పది చేపల్ని ఇంటికి తెచ్చి, హీటర్ 27 డిగ్రీలకు పెట్టి, వారం రోజులు టెన్షన్‌తో చూస్తూ కూర్చున్నాను. మేత తింటున్నాయి. ఒంటి మీద తెల్లచుక్కలు, పుండ్లు ఏమీ లేవు. కానీ పదికి పదీ ఫిల్టర్ నీళ్లు పడే మూలకే చేరి, మొప్పలు గబగబా ఆడిస్తూ ఉండేవి. ఎనిమిదో రోజు ఒక చేప అద్దం దగ్గరకొచ్చి పక్కకి తిరిగి నిలబడినప్పుడు కనిపించింది: వీపు రెక్కకీ తోకకీ మధ్య నియాన్‌కి ఉండాల్సిన బుల్లి రెక్క దానికి లేదు. మిగతా తొమ్మిదింటినీ చూశాను. దేనికీ లేదు. అవి వైట్ క్లౌడ్ మౌంటెన్ మిన్నోలు. చల్లటి కొండవాగుల్లో పుట్టిన జాతిని పట్టుకుని వారం పాటు వెచ్చటి నీళ్లలో ఉంచాను.

పేరు తప్పు పడితే చేపకు జరిగే నష్టం ఇది. నీటి వేడి, మేత, తోటి చేపలు అన్నీ ఆ పేరు మీదే ఆధారపడతాయి కాబట్టి, సంచీ మీద రాసిన పేరు కన్నా చేప ఒంటిని నమ్మడం మంచిది. ఆ ఒంటి మీద కూడా అన్నిటికన్నా చివర చూడాల్సింది రంగు. చేపను చూడగానే కంటికి ఆనేది రంగే, మనల్ని ఎక్కువగా తప్పుదారి పట్టించేదీ అదే. ముందు రెక్కలు, తర్వాత నోరు, మీసాలు, ఆ తర్వాత చార ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడాలి. రంగు సంగతి వీటన్నిటి తర్వాతే.

అసలు మిన్నో అన్నది ఒక్క చేప పేరు కాదు. యూరప్ వాగుల్లో మిన్నో అంటే ఫోక్సినస్ ఫోక్సినస్. జీవులకు శాస్త్రనామాలు పెట్టే పద్ధతిని తెచ్చిన లినేయస్ 1758లోనే దాన్ని తన జాబితాలో చేర్చాడు. ఉత్తర అమెరికాలో ఫ్యాట్‌హెడ్ మిన్నో ఉంది. అక్వేరియం పెంచేవాళ్లు ఎక్కువగా మిన్నో అనేది వైట్ క్లౌడ్‌ని. డానియోలు, రాస్బోరాలు కూడా వీటికి చుట్టాలే, అన్నీ కార్ప్ వర్గం చేపలే. పాత పుస్తకాల్లో వీటన్నిటినీ సైప్రినిడే అనే ఒకే కుటుంబంలో పెట్టారు. ఇప్పటి వర్గీకరణలో డానియోలు, రాస్బోరాలు డానియోనిడేలోకి, వైట్ క్లౌడ్ టానిక్తిడేలోకి వెళ్లాయి. పుస్తకంలో ఒక కుటుంబం, కొత్త వ్యాసంలో ఇంకో కుటుంబం కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, చేప మాత్రం అదే.

రంగును ఎందుకు నమ్మకూడదు

ఈ చేపల చర్మంలో ముఖ్యంగా మూడు రకాల రంగు కణాలుంటాయి: నల్లటివి, పసుపువి, మెరుపునిచ్చేవి. నల్ల కణంలోని రంగు రేణువులు కణమంతా పరుచుకుంటే చేప ముదురుగా కనిపిస్తుంది, మధ్యకు ముడుచుకుంటే పాలిపోతుంది. తెల్ల ఇసుక మీద పెట్టిన చేప, నల్ల గులకరాళ్ల మీద పెట్టిన చేప ఒకే తల్లి పిల్లలైనా వేర్వేరు జాతుల్లా కనిపించడానికి కారణం ఇదే. భయపడినా, రాత్రి దీపం ఆర్పాక చూసినా రంగు తగ్గుతుంది. ఇక నీలి మెరుపు అనేది అసలు రంగుద్రవ్యమే కాదు. కణాల లోపల పేర్చినట్టుండే గ్వానిన్ అనే పదార్థపు పల్చటి పలకల మీద వెలుతురు పడి తిరిగి రావడం వల్ల కలిగే మెరుపు అది. చూసే కోణం మారితే నీలం కాస్తా ఆకుపచ్చ అవుతుంది, ఇంకొంచెం పక్కకి జరిగితే మాయమవుతుంది. అందుకే "నీలి గీత ఉంది, నియానే" అనుకోవడం ప్రమాదం.

మచ్చలు, చారలు కూడా ఒక్కోసారి నిపుణుల్నే మోసం చేస్తాయి. చారల బదులు చుక్కలున్న డానియోని 1963లో మైన్‌కెన్ కొత్త జాతిగా వర్ణించి, బ్రాకీడానియో ఫ్రాంకై అని పేరు పెట్టాడు. తర్వాత తేలిందేమిటంటే అది మామూలు జీబ్రా డానియోనే, ఒక్క జన్యువులో మార్పు వల్ల చారలు తెగి చుక్కలయ్యాయి. ఇప్పుడు లెపర్డ్ డానియో అని అమ్ముతున్నది దాన్నే. ఒంటి కొలతలు, రెక్కలు, మీసాలు అన్నీ జీబ్రావే. చారల్ని మాత్రమే చూస్తే రెండు జాతులు, మీసాలు కూడా చూస్తే ఒకటే జాతి.

చూసే పద్ధతి

కొత్తగా తెచ్చిన రోజే తేల్చేయాలని తొందరపడొద్దు. కనీసం ఒక రోజు కుదురుకోనివ్వాలి. అడుగున ముదురు రంగు ఇసుక, వెనకాల నల్ల కాగితం ఉంటే చాలా తేడా వస్తుంది. వెలుతురు పైనుంచి పడాలి, కన్ను చేపకు సరిగ్గా పక్కన, అదే ఎత్తులో ఉండాలి. పైనుంచి బకెట్‌లోకి చూసి మిన్నోని గుర్తుపట్టడం దాదాపు అయ్యే పని కాదు. ఆ కోణంలో అన్నీ గోధుమరంగు పుల్లల్లాగే ఉంటాయి.

నా అనుభవంలో బాగా పనికొచ్చింది సన్నటి గాజుపెట్టె. అరచేయి వెడల్పున్న చిన్న పెట్టెలో ట్యాంక్ నీళ్లే పోసి, చేపను రెండు నిమిషాలు అందులో ఉంచితే అది ముందుకీ వెనక్కీ తిరగలేక పక్కకే నిలబడుతుంది. నాలుగైదు ఫోటోలు తీసి వెంటనే వదిలేయాలి. ఫ్లాష్ వాడకండి, మెరిసే చార తెల్లగా కాలిపోయి అసలు గుర్తు పోతుంది. గుంపులో సన్నటి చేపను ఒకటి, పొట్ట గుండ్రంగా ఉన్నదాన్ని ఒకటి విడిగా తీయండి. ఈ చేపల్లో మగవి సన్నగా, ముదురు రంగుతో, ఆడవి లావుగా, కొంచెం వెలిసినట్టు ఉంటాయి. ఆ రెండింటినీ చూసి ట్యాంక్‌లో రెండు జాతులున్నాయని పొరబడడం మామూలే.

తోక, తల, బుల్లి రెక్క

మొదట తోక చివర చూడండి. మధ్యలో చీలి రెండు పాయలుగా ఉంటే మిన్నో కావచ్చు. విసనకర్రలా గుండ్రంగా ఉంటే గప్పీ, మస్కిటో ఫిష్, కిల్లీ లాంటి వర్గానిది. వాటికి తల మీద కూడా పొలుసులుంటాయి, కార్ప్ వర్గం చేపల తల మాత్రం నున్నగా ఉంటుంది. మస్కిటో ఫిష్‌ను కొన్నిచోట్ల టాప్‌మిన్నో అంటారు గానీ, అది మిన్నో కుటుంబం కానే కాదు. ఈ ఒక్క పరీక్షతోనే సగం అనుమానాలు తీరిపోతాయి.

రెండోది, నా పది చేపల గుట్టు విప్పిన పరీక్ష. వీపు రెక్క దాటాక, తోక మొదలయ్యే లోపు, ఈనెలు లేని చిన్న కండముక్క లాంటి రెక్క ఉందేమో చూడాలి. దాన్ని కొవ్వు రెక్క అంటారు. నియాన్, కార్డినల్ లాంటి టెట్రాలకు అది ఉంటుంది. కార్ప్ వర్గం చేపలకు, అంటే మిన్నోలు, డానియోలు, రాస్బోరాలకు ఎప్పుడూ ఉండదు. అది పారదర్శకంగా, గోరు చివరంత కూడా లేకుండా ఉంటుంది కాబట్టి కంటితో దొరక్కపోతే ఫోటోను పెద్దది చేసి చూడండి. ఒక్క చేపలో కనిపించకపోతే నిర్ణయానికి రావొద్దు. కొరుకుళ్లలో అది తెగిపోయి ఉండొచ్చు. నాలుగైదు చేపల్లోనూ లేకపోతే అప్పుడు టెట్రా అన్న మాట పక్కన పెట్టేయొచ్చు.

వైట్ క్లౌడ్, నియాన్: పక్కపక్కన పెట్టి చూస్తే

వైట్ క్లౌడ్‌కి పేదవాడి నియాన్ అని ఒక పాత పేరుంది. రెండూ ఎంతగా కలిసిపోతాయో ఆ పేరే చెబుతుంది. పిల్ల చేపల్లో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. నెల దాటిన వైట్ క్లౌడ్ పిల్లల ఒంటి మీద నీలి ఆకుపచ్చ గీత ఎంత గట్టిగా మెరుస్తుందంటే, కొవ్వు రెక్క సంగతి తెలియని ఎవరైనా నియాన్ అనే అంటారు. పెద్దయ్యే కొద్దీ ఆ మెరుపు బంగారు ఛాయలోకి దిగుతుంది.

పెద్ద చేపల్లో వీపు రెక్క ఎక్కడుందో చూస్తే పని సులువు. నియాన్‌కి వీపు రెక్క దాదాపు ఒంటి నడుమన లేస్తుంది. వైట్ క్లౌడ్‌కి బాగా వెనక్కి జరిగి, పొట్ట వెనకాల ఉండే కింది రెక్కకు సరిగ్గా పైన ఉంటుంది. ఆ రెండు రెక్కలూ విప్పుకుని ఉన్నప్పుడు చేప వెనక భాగం బాణం తోకలా కనిపిస్తుంది. ఒక్కసారి ఈ ఆకారం కంట్లో పడితే, తర్వాత దూరం నుంచి కూడా పోల్చుకోవచ్చు. నోరు కొంచెం పైకి తిరిగి ఉంటుంది, మీసాలు ఉండవు.

ఎరుపు ఎక్కడుందో చూడటం తర్వాతి మెట్టు. నియాన్ ఎరుపు ఒంటి మీదే, నడుము నుంచి తోక మొదలు దాకా, కింది సగంలో ఉంటుంది. వైట్ క్లౌడ్ ఎరుపు ఒంటి మీద కాదు, రెక్కల్లో ఉంటుంది. తోక నడుమ ఒక ఎర్రమచ్చ, వీపు రెక్కలో, కింది రెక్కలో ఎరుపు, ముక్కు మీద కొంచెం ఎరుపు. ఒంటి చార కంటి దగ్గర మొదలై తోక మొదట ఒక నల్ల చుక్క దగ్గర ఆగుతుంది. నియాన్ నీలి చార అయితే తోక దాకా వెళ్లదు, కొవ్వు రెక్క దగ్గరే సన్నబడి ఆగిపోతుంది.

టెట్రా అని తేలినా ఇంకో చిన్న పని మిగులుతుంది. ఎరుపు సగం ఒంటికే ఉంటే నియాన్, తల నుంచి తోక దాకా ఉంటే కార్డినల్. నీలి చార తోక మొదలు దాకా వెళ్లి, ఎరుపు చాలా తక్కువగా ఉంటే గ్రీన్ నియాన్. ఆ గ్రీన్ నియాన్ శాస్త్రనామంలో ఉన్న సిమ్యులాన్స్ అనే లాటిన్ మాటకు అర్థమే అనుకరించేది అని.

జీబ్రా డానియో: మీసాలే సాక్ష్యం

వైట్ క్లౌడ్‌కి ఒంటి పక్కన ఒకే పట్టీ. జీబ్రాకి ముదురు నీలి చారలు నాలుగైదు, వాటి మధ్య వెండి బంగారు చారలు, అన్నీ తల దగ్గర నుంచి తోక రెక్కలోకి దూసుకుపోతాయి. కింది రెక్క మీద కూడా చారలుంటాయి. పెద్ద చేపల్ని ఎవరూ తారుమారు చేయరు. గొడవంతా పిల్లలతోనే. జీబ్రా పిల్లకు పుట్టినప్పుడు ఈ చారలు ఉండవు. కొన్ని వారాలకు మొదట రెండు ముదురు చారలు తేలి, ఒళ్లు పెరిగే కొద్దీ పైనా కిందా కొత్తవి చేరతాయి. ఆ మధ్య దశలో, సెంటీమీటరున్నర ఉన్నప్పుడు, వైట్ క్లౌడ్ పిల్లతో పోలిక బాగా వస్తుంది.

మీసాలు కనిపించేంత పెద్దవైతే ఇక అనుమానం ఉండదు. జీబ్రాకి నోటి దగ్గర రెండు జతల సన్నటి మీసాలుంటాయి, వైట్ క్లౌడ్‌కి ఒక్కటీ ఉండదు. కింది రెక్క మొదలు కూడా జీబ్రాలో పొడవు. ఈ చేపను 1822లో గంగానది చేపల గురించి రాస్తూ హామిల్టన్ వర్ణించాడు. తర్వాత ప్రయోగశాలలకు చేరి, 2013లో జన్యుపటం మొత్తం అచ్చయ్యేదాకా ఎదిగింది. ప్రపంచంలో ఇంతగా చూసి, కొలిచి, రాసిన చిన్న చేప ఇంకోటి ఉండదేమో. అందుకే అనుమానం వచ్చినప్పుడు పోల్చుకోవడానికి మంచి ఫోటోలు సులువుగా దొరుకుతాయి.

దీనికీ ఒక పోలిక ఉన్న చేప ఉంది. రెక్కలు నారింజ రంగులో ఉండి, చారలు అక్కడక్కడా తెగి చుక్కల వరసల్లా ఉంటే అది మయన్మార్ నుంచి వచ్చే డానియో క్యాతిట్ కావచ్చు. ఫాంగ్ దాన్ని 1998లో వర్ణించింది, క్యాతిట్ అంటే బర్మా భాషలో చిరుత. లెపర్డ్ డానియోతో కలిపేసే అవకాశం ఎక్కువ. రెక్కల్లో నారింజ లేకుండా ఒంటి నిండా చిన్న చిన్న చుక్కలే ఉంటే లెపర్డ్ వైపు మొగ్గండి.

వైట్ క్లౌడే అని తేలాక

నాకు ఇష్టమైన భాగం ఇదే. ఈ చేప పేర్లోనే దాని కథంతా ఉంది. చైనాలో గ్వాంగ్‌జౌ దగ్గరున్న తెల్లమబ్బు కొండ, అంటే బైయున్ కొండ, వాగుల్లో టాన్ అనే స్కౌట్ నాయకుడికి ఇది దొరికింది. 1932లో లిన్ దీన్ని వర్ణిస్తూ టానిక్తిస్ ఆల్బోన్యూబెస్ అన్నాడు. టానిక్తిస్ అంటే టాన్ చేప, ఆల్బోన్యూబెస్ అంటే తెల్లమబ్బు. 1980 తర్వాత దాని సొంత కొండల్లో ఇది కనిపించక, అడవిలో అంతరించిందనే అనుకున్నారు. 2000 తర్వాత గ్వాంగ్‌డాంగ్‌లోనూ హైనాన్ దీవిలోనూ మళ్లీ కొన్ని చోట్ల దొరికింది. చైనాలో ఇప్పుడది రెండో తరగతి రక్షిత జీవి. ట్యాంకుల్లో లక్షల్లో పెరుగుతూ, సొంత వాగుల్లో అరుదైపోయిన చేప అది. మన దగ్గరున్నది ఏ జాతో సరిగ్గా తెలుసుకుని, కల్తీ లేకుండా పెంచడం నాకు ముఖ్యం అనిపించడానికి ఇదొక కారణం.

వైట్ క్లౌడ్‌లోనే రెక్కల అంచును బట్టి రెండు రూపాలు తిరుగుతుంటాయి. వీపు రెక్క, కింది రెక్క అంచు తెల్లగా ఉండేది ఒకటి, అంచులో ఎరుపు ఉండేది ఇంకొకటి. ఇవి రెండు జాతులు కావు.

వేరే జాతి అంటే వియత్నాం చుట్టాలు. టానిక్తిస్ మైకాజెమ్మేని 2001లో ఫ్రైహాఫ్, హెర్డర్ వర్ణించారు, అది మధ్య వియత్నాంలో బెన్ హాయ్ నదిది. అదే ఏడాది ఉత్తర వియత్నాం నుంచి థాక్‌బాయెన్‌సిస్‌కు పేరు పెట్టారు, 2019లో కూనియై అనే ఇంకో జాతి వచ్చింది. ట్యాంకుల్లో ఎక్కువగా ఎదురయ్యేది మైకాజెమ్మే. ఇది వైట్ క్లౌడ్ కన్నా చిన్నది. వైట్ క్లౌడ్ నాలుగు సెంటీమీటర్లకు చేరితే ఇది మూడు దగ్గరే ఆగుతుంది. పెద్ద తేడా చారలో ఉంది. వైట్ క్లౌడ్‌లో బంగారు గీత కింద నల్లగీత సన్నగా, నీడలా ఉంటుంది. మైకాజెమ్మేలో ఆ నలుపు వెడల్పాటి పట్టీ, దూరం నుంచి చూస్తే ముందు కంటికి తగిలేది అదే. దాని పైన మెరుపు గీత అభ్రకం ముక్కలా తళుక్కుమంటుంది, పేరు కూడా అభ్రకపు రత్నం అనే అర్థంలో పెట్టిందే.

ఒక్క చేపను చూసి ఈ రెండింటినీ తేల్చడం కష్టం. పక్కన తెలిసిన వైట్ క్లౌడ్ ఉంటే చాలా సులువు. ఎటూ తేలకపోతే వాటిని మిగతా వైట్ క్లౌడ్‌లతో కలపకుండా విడిగా ఉంచమనే నా సలహా. దగ్గరి చుట్టాలు ఒకే తొట్టిలో గుడ్లు పెడితే తర్వాతి తరంలో ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. ఈ చేపల పేర్ల గందరగోళం కొత్తదేమీ కాదు. వైట్ క్లౌడ్‌నీ, అఫియోసైప్రిస్ పూనీ అనే చేపనూ వేరుగా గుర్తించడం ఎలాగో చెప్పడానికి 1966లో వైట్స్‌మన్, చాన్ ఒక శాస్త్రపత్రికలో ప్రత్యేకంగా వ్యాసమే రాయాల్సి వచ్చింది.

బంగారు రంగు వస్తే

వైట్ క్లౌడ్‌లో బంగారు రంగు రకాన్ని మనుషులే ఏరి పెంచారు. పొడుగు రెక్కల రకమూ ఉంది, దాన్ని మీటియర్ మిన్నో అంటారు. బంగారు రకంలో నల్లగీత వెలిసిపోతుంది కాబట్టి చారను నమ్ముకున్నవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. రెక్కలు చూసేవాళ్లకు ఇబ్బంది లేదు. వీపు రెక్క వెనక్కి జరిగి కింది రెక్క పైనే ఉంది, తోకలో ఎర్రమచ్చ ఉంది, నోరు పైకి ఉంది. ఇంకేం కావాలి?

దీనితో కలిసిపోయేది రోజీ రెడ్. అది అమెరికా ఫ్యాట్‌హెడ్ మిన్నో నారింజ రూపం, పెద్ద చేపలకు మేతగా ఎక్కువ అమ్ముతారు. పిల్లగా ఉన్నప్పుడు బంగారు వైట్ క్లౌడ్‌లానే ఉంటుంది గానీ ఏడెనిమిది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. తల మొద్దుగా ఉంటుంది, వీపు రెక్క మొదట్లో పొట్టి, మందపాటి ఈనె ఒకటి ఉంటుంది. నాలుగు సెంటీమీటర్లు దాటని చేప అనుకుని తెచ్చి, ఆరు నెలల తర్వాత తొట్టి చాలక ఇబ్బంది పడకూడదంటే ఈ తేడా కొనేటప్పుడే చూసుకోవాలి.

రాస్బోరా ముగ్గురు

చార కాకుండా ఒంటి వెనక సగంలో నల్లటి ముక్కోణపు మచ్చ ఉంటే ట్రైగోనోస్టిగ్మా రాస్బోరాల వైపు వెళ్లాలి. వీటి వీపు రెక్క ఒంటి నడుమన, కింది రెక్క కన్నా ముందుకు ఉంటుంది, కింది రెక్క పొట్టి. ఇక్కడి వరకు సులువే. అందులో మూడు జాతులు తరచూ ఒకే పేరుతో అమ్ముడవుతాయి, అక్కడే కాస్త ఓపిక కావాలి.

హార్లెక్విన్, అంటే హెటెరోమార్ఫా, 1904లో డుంకర్ వర్ణించింది. మచ్చ వెడల్పుగా, నిజంగానే ముక్కోణంలా, వీపు రెక్క కింద నుంచి మొదలై తోక వైపు సన్నబడుతుంది. ఒళ్లు ఎత్తుగా, నాలుగైదు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఎస్పై 1967లో వచ్చిన పేరు. మచ్చ సన్నటి కత్తిలా ఉంటుంది. ముందు కొంచెం లావు, ఆపైన సన్నటి పిడి. ఒళ్లంతా రాగి నారింజ రంగు. హెంగెలై అంతకు ముందే, 1956లో. మచ్చ ఆకారం ఎస్పైకి దగ్గరగా ఉంటుంది, కానీ ఒళ్లు పాలిపోయి దాదాపు పారదర్శకంగా ఉంటుంది. ఆ మచ్చకు సరిగ్గా పైన మాత్రం నారింజ గీత దీపం వెలిగించినట్టు మెరుస్తుంది.

అంటే ముందు మచ్చ వెడల్పు చూడండి: వెడల్పైతే హార్లెక్విన్. సన్నగా ఉంటే ఒంటి రంగు ఎలా పరుచుకుందో చూడండి. ఒళ్లంతా రాగి రంగైతే ఎస్పై, ఒక్క గీతలోనే రంగంతా ఉంటే హెంగెలై. ఇక్కడ మాత్రం రంగును నమ్మక తప్పడం లేదు, ఎందుకంటే ఈ ఇద్దరి ఒంటి ఆకారం అంత దగ్గర. అందుకే చేప కుదురుకున్నాకే, ముదురు నేల మీదే చూడమని మళ్లీ చెబుతున్నాను. సంచీలో పాలిపోయిన ఎస్పై అచ్చం హెంగెలైలాగే ఉంటుంది. నేనే రెండుసార్లు పొరబడ్డాను.

రెండు పేర్ల దగ్గర ఆగిపోతే

అన్నీ చూశాక కూడా రెండు జాతుల మధ్య తేల్చుకోలేకపోవచ్చు. అప్పుడు ఏ పొరపాటు చేపకు ఎక్కువ హాని చేస్తుందో ఆలోచించి, దానికి దూరంగా ఉండే పద్ధతిని ఎంచుకోండి. వైట్ క్లౌడ్‌కి 18 నుంచి 22 డిగ్రీలు హాయి, ఇంకా చల్లబడినా తట్టుకుంటుంది. జీబ్రా 18 నుంచి 25 దాకా సర్దుకుంటుంది. నియాన్‌కి 21 నుంచి 25, హార్లెక్విన్‌కి 22 నుంచి 27 కావాలి. కాబట్టి పేరు తేలేదాకా నీటిని 22 దగ్గర ఉంచితే నాలుగింటిలో దేనికీ ప్రమాదం లేదు. నేను ఆ పది చేపలకు చేయాల్సిందీ అదే, నమ్మకంగా 27 పెట్టడం కాదు.

ఇంకా కొననివాళ్లకు ఎంపిక సులువు. హీటర్ లేని చల్లటి ట్యాంక్ అయితే వైట్ క్లౌడ్‌నే ఎంచుకోండి. జీబ్రా కూడా సరిపోతుంది గానీ అది క్షణం నిలవదు, పొడుగాటి ట్యాంక్, గట్టి మూత కావాలి. నిదానంగా ఈదే చేపలతో పెడితే వాటి మేత కూడా అదే లాగేసుకుంటుంది. వెచ్చటి, మెత్తటి నీళ్లు, దట్టమైన మొక్కలు ఉంటే నియాన్ లేదా రాస్బోరా. రెండింటిలో ఒకటి చెప్పమంటే, మొదటిసారి పెంచేవాళ్లకు హార్లెక్విన్ అంటాను, కుదురుకున్నాక నీటి తేడాల్ని నియాన్ కన్నా బాగా ఓర్చుకుంటుంది. ఏదైనా ఎనిమిది, పది కలిపి తీసుకోవాలి. ఒకటీ రెండూ ఉంటే భయంతో పాలిపోయి ఉంటాయి, గుర్తుపట్టడానికి కావాల్సిన గుర్తులు కూడా చూపించవు. గుర్తు తెలియలేదని, ఎక్కువయ్యాయని చెరువులోనో కాలవలోనో మాత్రం వదలొద్దు. అక్కడి చేపలకు అది కొత్త పోటీ, కొత్త జబ్బు.

తెలిసినవాళ్లను అడగాలంటే ఒక్క ఫోటో పంపితే చాలదు. పక్క నుంచి తీసినది, రెక్కలు విప్పుకున్నప్పటిది, నోటి దగ్గర నుంచి తీసినది, ఈ మూడూ కావాలి. పొడవు ఎన్ని సెంటీమీటర్లో, నీటి వేడి ఎంతో, ఏ పేరుతో కొన్నారో కూడా రాయండి. ఆ పేరు తప్పయినా ఫరవాలేదు, ఏ పేరుతో ఏ చేప అమ్ముడవుతోందో తెలిస్తే అనుమానం ఎటు పోవాలో తెలుస్తుంది.

మరీ చిన్న పిల్లలైతే ఇవేవీ పనిచేయవు. మీసాలు మొలవలేదు, చారలు సగమే ఉన్నాయి, కొవ్వు రెక్క ఉందో లేదో భూతద్దంలో కూడా తెలియదు. అలాంటప్పుడు వారానికొక ఫోటో తీసి, తేదీ రాసి పెట్టుకోండి. నీళ్లు 22 దగ్గరే ఉంచండి. వారాలు గడిచే కొద్దీ జీబ్రాకి మూడో చార, నాలుగో చార వస్తాయి, వైట్ క్లౌడ్‌కి తోకలో ఎరుపు దిగుతుంది. ఫోటోలన్నీ వరసగా పెట్టి చూసిన రోజు ఎవర్నీ అడగాల్సిన అవసరం ఉండదు.